చిన్నబాబుకు, ఆ నవ్వు గురించి

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి చిన్నబాబుకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. గురువారం రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిన సంగతి మూడు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. నాన్నగారు పక్కనే ఉండటం వల్లా, అప్పటికే నువ్వు నొచ్చుకుని ఉండటం వల్లా ఆ పూట ఏమీ అనలేదు. ఫోన్‌లో అయితే నువ్వు మధ్యలో జవాబు చెబుతావు, నేను మధ్యలో కోప్పడతాను, చెప్పదలచుకున్నది చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. గదిలో స్నేహితులు లేనప్పుడు తీరికగా చదువు.

నేను సరిగ్గా విన్నానో లేదో చూసుకోవడానికి నువ్వు చెప్పినదంతా ఒకసారి రాస్తాను. కొత్త సిమ్ కోసం నువ్వు పనిచేసే సెల్‌ఫోన్ల దుకాణానికి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె ఆధార్ తీసుకుని వివరాలు ఎక్కిస్తూ, "ఆధార్ ఫొటోలో కంటే ఎదురుగా చాలా బాగున్నారు మేడమ్" అన్నావు. ఆమె నవ్వింది. సాయంత్రం సిమ్ పని చేస్తోందా అని ఆమె నంబరుకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, దాని కింద "డీపీ బాగుంది" అని చేర్చావు. మర్నాడు వాళ్ల అన్నయ్య వచ్చి మీ ఓనరుతో నలుగురిలో గట్టిగా మాట్లాడి వెళ్లాడు. "నేనేం చెడ్డ మాట అన్నానమ్మా, మంచి మాటే కదా, ఆమె కూడా నవ్వింది కదా" అని నన్ను అడిగావు. నీ గొంతులో నిజమైన బాధ ఉంది. నువ్వు చెడు ఉద్దేశంతో అనలేదని నేను నమ్ముతున్నాను. అయినా ఆ నవ్వును నువ్వు పొరపాటుగా అర్థం చేసుకున్నావు. అలాంటి నవ్వు నేను నాలుగున్నరేళ్లు నవ్వాను కనుక నాకు తెలుసు.

నువ్వు రెండో తరగతిలో ఉండగా నాన్నగారు పనిచేసే మిల్లు మూతపడింది. నాకు అప్పటికి బీఏ తప్ప బీఈడీ లేదు. విజయవాడలో ఒక బట్టల దుకాణంలో చీరల సెక్షన్‌లో చేరి, రోజూ రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. అమ్మ దుకాణంలో పనిచేస్తుందని మాత్రమే నీకు తెలుసు, ఆ పని ఎలా ఉంటుందో ఎప్పుడూ చెప్పలేదు. చీర చూపించడమంటే మడత విప్పి పరుపు మీద పరిస్తే సరిపోదు. కొంగు భుజం మీదుగా వేసుకుని, కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, వచ్చిన వాళ్లకు అంచు, జరీ, పైట అన్నీ కనిపించేలా నిలబడాలి. అంటే చీర చూసేవాళ్లు నన్ను కూడా చూస్తారు. అది ఆ పనిలో ఉన్నదే, దానికి నేను ఒప్పుకునే చేరాను.

ఒక శ్రావణమాసం సాయంత్రం భార్యతో, కూతురితో ఒక పెద్దమనిషి వచ్చాడు. నేను మంగళగిరి చీర ఒకటి భుజాన వేసుకుని చూపిస్తుంటే, "నువ్వు వేసుకుంటే ఎనిమిది వందల చీర కూడా ఎనిమిది వేల చీరలా ఉందమ్మాయ్" అన్నాడు. నేను నవ్వాను. చూసేవాళ్లకు ఆ నవ్వు సంతోషంతో వచ్చినట్టే ఉండి ఉంటుంది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందని సూపర్‌వైజర్‌కు చెబుతాడన్న భయం, నవ్వితే ఇంకో మాట అంటాడన్న భయం, రెండూ ఒకేసారి కలిగాయి. నవ్వడం తక్కువ నష్టమని ఆ అరక్షణంలో తోచింది. అతని భార్య చీర చూడటం మానేసి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం నా మీదే ఉంది. తరువాత అతను "ఆ ఎర్రది వేసుకో, ఇప్పుడు ఆ పచ్చది వేసుకో" అంటూ కూతురి కోసం అన్న పేరుతో చీర తరువాత చీర నా చేత వేయించాడు. నా నవ్వును అతను అనుమతిగా తీసుకున్నాడు.

పంచెల సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన అటు నుంచి ఇదంతా చూసి, ఏమీ తెలియనట్టు వచ్చి, నా చేతిలోని చీర తీసుకుని తన భుజాన వేసుకున్నారు. "ఇలా వెలుతురులోకి రండి బాబుగారూ, జరీ ఇక్కడైతే బాగా తెలుస్తుంది, నేను చూపిస్తాను" అన్నారు. అరవయ్యేళ్ల మనిషి, తెల్లటి జుట్టు, భుజం మీద ఎర్ర చీర కొంగు. ఆ పెద్దమనిషి రెండు నిమిషాల్లో ఒక చీర తీసుకుని బిల్లు కట్టి వెళ్లిపోయాడు. పంచెల సెక్షన్ పెద్దాయన ఎవరినీ ఒక్క మాట అనలేదు, గొడవ చేయలేదు. ఆ రాత్రి సూపర్‌వైజర్ మాత్రం నన్ను పిలిచి, కస్టమర్‌తో కాస్త కలుపుగోలుగా ఉంటే నీకు పోయేదేముంది అన్నాడు.

నాకు పోయింది చెబుతాను విను. మర్నాటి నుంచి పైటకు రెండు పిన్నులు పెట్టుకోవడం మొదలుపెట్టాను. పనికి వెళ్లేటప్పుడు మల్లెపూలు మానేశాను. "అమ్మా, పూలు పెట్టుకోవేం?" అని నువ్వొకసారి అడిగావు, రైల్లో వాడిపోతాయి నాన్నా అని చెప్పాను. ఎవరైనా మొగవాళ్లు ఒక్కరే చీర చూడటానికి వస్తే, ముందు వాళ్ల కళ్లు ఎటు ఉన్నాయో చూసి అప్పుడు చీర విప్పేదాన్ని. ఆ మాట అన్న మనిషి మాత్రం దుకాణం మెట్లు దిగేసరికి దాన్ని మరిచిపోయి ఉంటాడు.

అలాగని మెచ్చుకున్న మాటలన్నీ నాకు కష్టం కలిగించాయని చెప్పను. ఒక పల్లెటూరి ముసలావిడ నా జడ చేత్తో పట్టుకుని "ఎంత పొడుగుందే తల్లీ, ఏం నూనె రాస్తావు?" అంటే నాకు ఎంతో సంతోషమైంది. ఆవిడ తరువాత ఏమంటుందో అని నేను కాచుకుని ఉండవలసిన అవసరం లేదు. తోటి పనివాళ్లు కొత్త చీర బాగుందంటే హాయిగా ఉండేది. మాట అన్నవాళ్ల దగ్గరి నుంచి కావాలంటే లేచి వెళ్లిపోగలనా, బదులుగా ఇష్టం వచ్చిన మాట అనగలనా, అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. నా పరుపు వదిలి నేను వెళ్లలేను.

ఇప్పుడు మీ కౌంటరు సంగతి చూడు. ఆమె కస్టమరే, వెళ్లిపోవచ్చు కదా అని నీకు అనిపిస్తుంది. ఆమె ఆధార్ నీ చేతిలో ఉంది. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఇంటి నంబరు, వీధి పేరు నువ్వు చదివావు. ఓటీపీ కోసం ఇంకో నంబరు కూడా ఇచ్చింది. ఆ తరువాత నీ ఫోన్ కెమెరా వైపు కదలకుండా చూస్తూ నిలబడాలి, అది నిబంధన. ఒక మనిషి ముఖాన్ని నువ్వు అంత దగ్గరగా, అంత అధికారంగా చూసే సమయంలో ఆ ముఖం గురించి మాట్లాడావు. పని సగంలో ఉంది, కాగితం నీ దగ్గర ఉంది, ఆమె నవ్వక ఏం చేస్తుంది? ఆ సాయంత్రం అదే నంబరుకు నీ మెసేజ్ వెళ్లేసరికి, ఈ మనిషికి మా ఇల్లు ఎక్కడో కూడా తెలుసు అన్న ఆలోచన ఆమెకు వచ్చి ఉంటుంది. నాకైతే వచ్చేది. ఆమె అన్నయ్య అందుకే వచ్చాడని నా నమ్మకం.

ఇది ఆడవాళ్ల అతి భయమని కొట్టిపారేయకు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి దుకాణాల వాళ్లు తమ దగ్గరికి వచ్చిన ఆడపిల్లల నంబర్లను అమ్ముకున్న సంగతి పత్రికల్లో వచ్చింది. అమ్మాయి చూడటానికి మామూలుగా ఉంటే 50 రూపాయలు, అందంగా ఉంటే 500 రూపాయల దాకా ధర పెట్టారట. అది చదివిన నాటి నుంచి నేను మీ అక్క ఫోన్‌కు నా ఫోన్ నుంచే రీచార్జి చేసేదాన్ని, నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు ఆ పని చేసేవాడివి కావు. కానీ కౌంటరుకు అవతల నిలబడిన అమ్మాయికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

చట్టం ఏమంటుందని నువ్వు అడగవచ్చు. 1997లో సుప్రీంకోర్టు, విశాఖ అనే స్త్రీల సంస్థ వేసిన కేసు తీర్పులో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 2013లో పని ప్రదేశాల్లో స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే చట్టం వచ్చింది. ఆ చట్టం అక్కడ ఉద్యోగం చేసే ఆడవాళ్లకే అని చాలామంది అనుకుంటారు. ఉద్యోగం చేస్తున్నా చేయకపోయినా, ఏ వయసు స్త్రీ అయినా, ఆ చోట తనకు జరిగిన దాని మీద ఫిర్యాదు చేయవచ్చని అందులోనే ఉంది, అంటే మీ దుకాణానికి వచ్చిన కస్టమరు కూడా. మీ దుకాణంలో పది మంది లేరు కనుక అలాంటి ఫిర్యాదు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి వెళుతుంది. బయటి నుంచి వచ్చేవాళ్ల వల్ల తన దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఇబ్బంది కలగకుండా చూసే బాధ్యతను అదే చట్టం యజమాని మీద పెట్టింది. నేను చీరలు అమ్మిన రోజుల్లో ఆ చట్టం లేదు. అయితే ఏ మాట వేధింపు, ఏది కాదు అన్న దాని మీద న్యాయస్థానాలు కూడా ఒకేలా చెప్పడం లేదు. 2025 జనవరిలో కేరళ హైకోర్టు, తోటి ఉద్యోగిని శరీరాకృతి బాగుందని అన్న మనిషి మీది కేసును కొట్టివేయడానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది మార్చిలో బొంబాయి హైకోర్టు, సహోద్యోగిని జుట్టు మీద ఒక మాట అని పాట అందుకున్న సంఘటన లైంగిక వేధింపు కిందికి రాదని చెప్పింది. నీ మాట ఏ సెక్షన్ కిందికైనా వస్తుందా రాదా అన్నది నాకు ముఖ్యం కాదు. కేసు కాని మాటలన్నీ అనదగిన మాటలని అనుకునే కొడుకును నేను పెంచలేదు.

అమ్మకంలో పొగడ్త లేకుండా ఎలా అని మీ ఓనరు అంటాడని నాకు తెలుసు. మేమూ రోజుకు వందసార్లు "ఈ రంగు మీకు బాగా నప్పుతుందండీ" అనేవాళ్లం. అక్కడ ఆవిడే అద్దం ముందు చీర పట్టుకుని "ఎలా ఉంది?" అని అడుగుతుంది, మనం చీర గురించి చెబుతాం, ఆవిడ వద్దనుకుంటే పక్కన పడేస్తుంది. నీ దగ్గర ఫోన్ కవరు చూసి ఏ రంగు బాగుందని అడిగితే నిక్షేపంగా చెప్పు. సిమ్ కోసం వచ్చిన మనిషి తన ముఖం ఎలా ఉందని నిన్ను అడగలేదు.

ఇంకొక మాట. మీ దుకాణంలో ఒక ఫోన్ కంపెనీ తరఫున నిలబడే అమ్మాయి ఉందని దసరాకు వచ్చినప్పుడు చెప్పావు. కస్టమర్లు ఆమెతో సెల్ఫీ దిగి కెమెరా పరీక్షిస్తామంటారని, "ఫోన్ కంటే నువ్వే బాగున్నావు" అంటారని, ఆమె భలే నవ్వుతూ నెట్టుకొస్తుందని మెచ్చుకుంటూ చెప్పావు. ఆ రోజు నేను ఏమీ అనకపోవడం నా తప్పు. ఈసారి అలా జరిగితే, "సార్, ఇటు రండి, కెమెరా నేను చూపిస్తాను" అని నువ్వు ఫోన్ అందుకో. ఆమెను ఆదుకున్నట్టు తరువాత మాట్లాడకు, ఆమె చెబితే విను, చెప్పకపోతే అడగకు. పంచెల సెక్షన్ పెద్దాయన నాతో ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఆ దుకాణంలో నేను మిగతా ఏళ్లు పనిచేయగలిగానంటే అందులో ఆయన పాలు ఉంది.

ఆ అమ్మాయికి క్షమాపణ చెబుతానని అన్నావు. మెసేజ్ పెట్టకు, ఫోన్ చేయకు. నీ మనసు తేలికపడటం కోసం ఆమె మళ్లీ నీ పేరు తన ఫోన్‌లో చూడవలసి వస్తుంది. వాళ్ల అన్నయ్య మళ్లీ వస్తే ఆయనతో తప్పయిందని చెప్పు, ఎందుకన్నానో వివరించబోకు. ఆమే వస్తే, "చెప్పండి మేడమ్" అని పని చూసి పంపు, లేదా వేరేవాళ్లను చూడమను. మీ ఓనరు గట్టిగా అన్నాడని మనసులో పెట్టుకోకు, ఆయన ఆ మాత్రం అనడం మంచిదే.

ఆమె నంబరు దుకాణం ఫోన్‌లో కాక నీ సొంత ఫోన్‌లో ఉందని నువ్వే చెప్పావు. ఈ ఉత్తరం పక్కన పెట్టకముందే ఆ నంబరు, ఆ చాట్, ఇంకా అలా పని పేరుతో నీ ఫోన్‌లోకి చేరిన నంబర్లు ఏవైనా ఉంటే అవీ తీసెయ్. తీసేసిన తరువాత నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫరవాలేదు.

శనివారం పక్కింటి వాళ్లబ్బాయి హైదరాబాద్ వస్తున్నాడు. వాడి చేత సున్నుండలు, నీకిష్టమైన కందిపొడి పంపుతున్నాను. నెయ్యి కొనుక్కో.

ఇట్లు,
అమ్మ.