రిపోర్టు చేతికిచ్చాక మాట్లాడే మనిషి కావాలి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా అక్కకు ఎమ్మారైలో మెదడులో గడ్డలాంటిది కనిపించింది. రిపోర్టు చేతిలో పెట్టి న్యూరోసర్జన్‌ను కలవమన్నారు, అంతే. మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా లాంటి గడ్డలు చాలావరకు క్యాన్సర్ కావనీ, చాలాసార్లు బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) అయితేగానీ ఏ రకమో ఖాయంగా తేలదనీ మాకు చెప్పింది వరండాలో కూర్చున్న ఇంకో పేషెంటు భార్య. ఆమె ధైర్యం చెప్పాకే అక్క అన్నం ముట్టింది.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఖర్చు భయం తగ్గింది, కృతజ్ఞతలు. కానీ రోగమేమిటో తేలేదాకా ఉండే టెన్షన్‌ సంగతి? మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరును ప్రతి స్కానింగ్ సెంటర్‌ గోడ మీద రాయించండి. న్యూరోసర్జరీ ఉన్న ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఒక కౌన్సెలర్‌ను వేయండి. తెలుగులో, ఉర్దూలో, తొందరపెట్టకుండా మాట్లాడేవాళ్లు కావాలి. ఆపరేషనై కోలుకున్నవాళ్లను కొత్తగా వచ్చేవాళ్లతో మాట్లాడించండి.

ఇట్లు,
ఒక పేషెంటు తమ్ముడు