అంబులెన్సులో పసిపిల్లలకు తల్లి ఒడి చాలదు, బెల్టు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. హెల్మెట్ గురించి, సీటు బెల్టు గురించి, తాగి బండి నడపడం గురించి పత్రికల్లో తరచూ చదువుతూనే ఉంటాం. జబ్బు చేసిన పసిపిల్లల్ని అంబులెన్సుల్లో ఎలా తీసుకెళ్తున్నామన్నది మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. మన వైపు దాదాపు ప్రతి బిడ్డా ఏ బెల్టూ లేకుండా తల్లి ఒడిలోనే ప్రయాణం చేస్తోంది. పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చాలాకాలం పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన దూరాలు తక్కువేమీ కావు. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి సుమారు వంద కిలోమీటర్లు. గిద్దలూరు నుంచి ఒంగోలు అంతకంటే ఎక్కువ. అక్కడ కుదరదంటే తిరుపతికో చెన్నైకో రెఫర్ చేస్తారు. అంటే ఫిట్స్ వచ్చిన పిల్లాడో, ఆయాసంతో డొక్కలు ఎగరేస్తున్న పాపో రెండు మూడు గంటలు బండిలోనే ఉండాలి. దారిలో ఇసుక లారీలు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, రాత్రయితే రోడ్డు మీదే పడుకునే గేదెలు. అంబులెన్సు నడిపే పైలట్ ఎంత నేర్పరి అయినా సడన్ బ్రేకు వెయ్యకుండా గమ్యం చేరలేడు.

బండి వచ్చి వెనక తలుపు తీయగానే కనపడేది ఎప్పుడూ ఒకటే. తల్లి పక్క బెంచీ మీద కూర్చుని, మోకాళ్లు స్ట్రెచర్‌కు తన్నిపెట్టి ఉంటుంది. ఒక చేతిలో ఆక్సిజన్ మాస్కు, ఇంకో చేతిలో బిడ్డ. స్ట్రెచర్ మీద బట్టల సంచి, ఫ్లాస్కు, ఎక్స్‌రే కవరు ఉంటాయి. దాని బెల్టులు పరుపు కింద మడిచి ఉంటాయి. ఇంటి దగ్గర వదిలే దిక్కులేక వెంట తెచ్చుకున్న పెద్దపిల్ల ఉంటే, స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటుంది.

ఒక రాత్రి రెండేళ్ల పాపను అలాగే దించారు. సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టిన సన్న గొట్టం (కాన్యులా) ఊడిపోయి తల్లి చీరంతా రక్తం. పాప నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. "సంగం దాటాక బ్రేకు కొట్టాడమ్మా, గట్టిగానే పట్టుకున్నా, చేతుల్లోంచి జారిపోయింది" అని ఆ తల్లి ఒకటే ఏడుపు. జ్వరంతో బయల్దేరిన పిల్ల తలకు దెబ్బతో మా దగ్గరికి వచ్చింది. అందులో ఆ తల్లి తప్పు రవ్వంత కూడా లేదు. ఆమెకు ఎవరైనా చెప్పిందల్లా "బిడ్డను గట్టిగా పట్టుకో" అనే.

పట్టుకోవడం మనిషి వల్ల కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. రెండు వడ్ల బస్తాలు ఒక్కసారిగా చేతుల మీద పడితే ఎవరు ఆపగలరు? తల్లికీ బిడ్డకీ కలిపి ఒకే బెల్టు వేయడం ఇంకా ప్రమాదం. తల్లి బరువంతా బిడ్డ మీద పడి, బెల్టుకూ ఆమెకూ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

సరే, స్ట్రెచర్ మీదే పడుకోబెట్టి బెల్టు పెట్టామనుకుందాం. ఆ బెల్టులు పెద్దవాళ్ల కొలతకు చేసినవి. ఛాతీకి రావాల్సింది మూడేళ్ల పిల్లాడికి పొట్ట మీదకో మెడ దగ్గరికో వస్తుంది. పైగా స్ట్రెచర్ మీద తల ఇంజను వైపు ఉంటుంది. బ్రేకు పడగానే ఒళ్లు తల వైపు జారుతుంది. దాన్ని ఆపేవి భుజాల మీది పట్టీలే, అడ్డం బెల్టులు ఎన్ని ఉన్నా చాలవు. పిల్లల హార్నెస్ అని అచ్చంగా ఇందుకోసమే తయారుచేసిన పరికరం ఉంది. స్ట్రెచర్ వీపు భాగాన్ని కాస్త పైకి లేపి దానికి బిగిస్తారు. రెండు పట్టీలు భుజాల మీదుగా, ఒకటి నడుముకు, ఒకటి కాళ్ల మధ్య నుంచి వస్తాయి. మడిస్తే చిన్న సంచిలో పడుతుంది. బండిలో ఉండే మానిటర్, వెంటిలేటర్ ఖర్చు పక్కన దాని ఖర్చు చాలా తక్కువ. ఎవరికి తోచినట్టు వాళ్లు టైలర్ దగ్గర పట్టీలు కుట్టించి కట్టమని నేను అనడం లేదు. పరీక్షించి, ఇంత బరువు నుంచి ఇంత బరువు వరకు అని రాసి ఇచ్చిన పరికరమే కావాలి.

అమెరికా రహదారి భద్రతా సంస్థ ఈ విషయంలో 2012లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డను ఎవరి ఒడిలోనూ, చేతుల్లోనూ తీసుకెళ్లొద్దని అందులో స్పష్టంగా ఉంది. హార్నెస్ లేనప్పుడు కనీసం అడ్డంగా మూడు బెల్టులు, ఒక్కో భుజం మీదుగా ఒకటి వేసి స్ట్రెచర్ మీద ఉంచమంది. జబ్బు లేకుండా వెంట వచ్చే పిల్లలకు కూడా విడిగా ఏర్పాటు చెప్పింది.

మన దగ్గర చట్టం లేక కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టు కానీ పిల్లల బెల్టు సీటు కానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా. బైకు మీద కూర్చునే నాలుగేళ్ల లోపు పిల్లలకు కూడా హార్నెస్ ఉండాలని 2022లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. బైకు మీద ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అవసరమైన జాగ్రత్త, ఊపిరి అందని బిడ్డకు అంబులెన్సులో ఎందుకు అక్కర్లేదు?

2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ మన జిల్లాల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మా వార్డులో కళ్లారా చూశాను. 2020 జులైలో కొత్త వాహనాలతో పాటు అప్పుడే పుట్టిన బిడ్డల కోసం ప్రత్యేకంగా 26 నియోనేటల్ అంబులెన్సులు వచ్చాయి. అది మంచి పని. నెలలు నిండని బిడ్డల సంగతి వేరు, వాళ్లకు వెచ్చదనం ముఖ్యం. ఆ ప్రయాణం ఎలా ఉండాలో పిల్లల డాక్టర్లే చెప్పాలి. నా బాధ ఆరు నెలలు దాటి, బరువుకు తగ్గ బెల్టు ఉంటే చక్కగా కట్టదగిన పిల్లల గురించి.

ఒడిలోంచి తీస్తే బిడ్డ ఏడుస్తుందంటారు. నిజమే, ఏడుస్తుంది. తల్లిని బెల్టుతో, బిడ్డకు ముఖం కనపడేచోట కూర్చోబెట్టి మాట్లాడుతూ ఉండమనండి. కాసేపటికి సర్దుకుంటుంది. హార్నెస్ ఉంటే మాస్కు పెట్టడానికి, సెలైన్ చూడడానికి బండిలో వెంట ఉండే అత్యవసర వైద్య సహాయకుడికి (ఈఎంటీకి) కూడా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం ఇది. 108తో సహా ప్రతి అంబులెన్సులో పిల్లల హార్నెస్‌ను తప్పనిసరి సామాన్ల జాబితాలో చేర్చాలి. దాన్ని బిగించడం ఈఎంటీలకు, పైలట్లకు ఇద్దరికీ నేర్పించాలి. రవాణా శాఖ అధికారులు ప్రైవేటు అంబులెన్సులకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు ఇంజను, టైర్లతో పాటు దీన్నీ, ఆక్సిజన్ సిలిండర్ కదలకుండా బిగించి ఉందా లేదా అన్నదీ చూడాలి. రెఫర్ చేసే ఆసుపత్రులు బిడ్డను బండిలో ఎలా పడుకోబెట్టారో చూశాకే పంపాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. మీ విలేకరులను నెల్లూరులోనూ ఒంగోలులోనూ పెద్దాసుపత్రుల అత్యవసర విభాగం ముందు ఒక సాయంత్రం నిలబడి, ఎంతమంది పిల్లలు బెల్టుతో దిగుతున్నారో లెక్క రాసుకోమనండి. ఆ లెక్క జిల్లా కలెక్టర్ల ముందు పెట్టి, ఏం చేస్తారో అడిగి ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా