మంత్రిగారూ, మందు చీటీలో మనిషికీ కాస్త చోటివ్వండి

గౌరవనీయులైన ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టును. ఇదే సంగతి ఒడియాలో రాసి మీ కార్యాలయానికి విడిగా పంపాను. నా కౌంటరు దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. వాళ్ళ ఒంటికి సంబంధించిన విషయం వాళ్ళూ చదవాలని తెలుగులో బహిరంగంగా రాస్తున్నాను.

నేను కోరేది ముందే చెప్పేస్తాను. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీ మీద ఒక గడి అచ్చు వేయించండి. అందులో రోగి వయసు, బరువు, గర్భిణా, పాలిచ్చే తల్లా, కిడ్నీ జబ్బు ఉందా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుజబ్బు) ఉందా, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉందా అన్నవి ఉండాలి. అది నింపకుండా చీటీ కౌంటరు దాటకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఇంతే. కొత్త భవనం అడగడం లేదు, కొత్త మెషీనూ అడగడం లేదు.

ఎందుకో చెప్పాలంటే మందుల వర్గీకరణ దగ్గర మొదలుపెట్టాలి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం మందులు షెడ్యూళ్ళుగా ఉన్నాయి. షెడ్యూల్ హెచ్‌లో ఉన్నవి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1లో సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అల్ప్రాజోలమ్ లాంటి నిద్రమాత్రలు ఉన్నాయి. వీటికి విడిగా రిజిస్టరు రాసి మూడేళ్ళు దాచాలి. షెడ్యూల్ ఎక్స్ మందులకు చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి మా దగ్గరే ఉండాలి. అట్ట మీద ఆర్‌ఎక్స్ గుర్తు, ఎర్ర గీత, గడికట్టిన హెచ్చరిక, అన్నీ ఉన్నాయి. ఇదంతా మంచి పద్ధతే, కాదనను.

కానీ ఈ వర్గీకరణ అంతా ఆ మందును ఎవరు అమ్మొచ్చు, ఏ కాగితం మీద అమ్మొచ్చు అన్నదాని కోసమే. ఎవరు మింగొచ్చు అన్నది అందులో లేదు. ఎనలాప్రిల్, డాక్సీసైక్లిన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ నాలుగూ షెడ్యూల్ హెచ్‌వే, నాలుగింటికీ ఒకే హెచ్చరిక. మొదటిది గర్భిణి మింగితే కడుపులో బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. రెండోది ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు, పళ్ళు రంగు మారతాయి. మూడోది కిడ్నీ జబ్బున్నవాడికి చేటు. నాలుగోదాన్ని పన్నెండేళ్ళలోపు పిల్లలకు వాడకూడదని కేంద్రం 2011లో నిషేధించింది. అంటే మందు ఒకటే, ప్రమాదం మాత్రం మనిషిని బట్టి మారుతుంది. ఆ మనిషెవరో మా చేతికొచ్చే చీటీలో ఉండదు.

అవే డ్రగ్స్ రూల్స్‌లో రూల్ 65 చూడండి. చీటీ మీద డాక్టర్ సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు ఎంత ఇవ్వాలి, డోసు ఎంత, ఇవి ఉండాలంటుంది. చిరునామా కావాలట, వయసు అక్కర్లేదట! రోగి ఏ వీధిలో ఉంటాడో తెలిస్తే డోసు తెలిసిపోతుందా? హెచ్1 రిజిస్టర్లోనూ అంతే, పేరు రాస్తాం, వయసు రాయం. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లోని నమూనా చీటీలో మాత్రం వయసు, ఎత్తు, బరువు, ఆడవాళ్ళకైతే చివరి నెలసరి తేదీ రాయడానికి చోటుంది. ఫోన్లో చూసిన డాక్టరుకున్న గడి, ఎదురుగా కూర్చోబెట్టి చూసిన డాక్టరుకు లేదన్నమాట.

మా కౌంటరు దగ్గర ఏం జరుగుతుందో ఒకటి చెప్తాను. గుమ్మా వైపు నుంచి ఒకావిడ చంటిపిల్లాడితో వస్తుంది. "బావూ, పిల్లడికి జొరం తగ్గట్లేదు, మొన్నట్లాంటి మందే ఇయ్యి" అంటుంది. మొన్నటిదేది? పారాసిటమాల్ పిల్లల మందు మూడు బలాల్లో దొరుకుతుంది. సిరప్ 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఒకటి, 250 మి.గ్రా. ఇంకొకటి, చుక్కల మందు 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఆరు కిలోల పిల్లాడికి కిలోకి 15 చొప్పున ఒక డోసు 90 మి.గ్రా. మొదటి సిరప్ అయితే మూడున్నర మి.లీ. దాటి పోయాలి, చుక్కల మందయితే ఒక మి.లీ. కూడా పట్టదు. చుక్కల సీసా చిన్నది, "చిన్నపిల్లల మందు" అని పేరు, కాబట్టి తక్కువ బలం అనుకుంటారు. దాన్ని 5 మి.లీ. చెంచాతో పోస్తే ఒక్కసారే 500 మి.గ్రా., పెద్దవాళ్ళ బిళ్ళంత, ఆ పసివాడి కడుపులోకి పోతుంది. కాలేజీలో మాకు నేర్పిన లెక్కే ఇది. అయితే లెక్క కట్టాలంటే బరువు తెలియాలి.

"ఎన్ని కేజీలున్నాడమ్మా?" అంటే, "అంగన్‌వాడీలో తూచినారు, కార్డులో రాసుంటాది, ఇంటికాడుంది" అంటుంది. అంటే మీ ప్రభుత్వమే ఆ పిల్లాణ్ణి నెలనెలా తూస్తోంది, రాస్తోంది. ఆ అంకె మందు రాసే కాగితం మీదికి మాత్రం రావడం లేదు.

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కలుషితమైన దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక దేశమంతా సీసాలో ఏముందో పరీక్షించడం మీద పడింది. పడాల్సిందే. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు అసలు వద్దని అప్పుడే కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ మరోసారి చెప్పింది. అంతకుముందు 2023 డిసెంబరులో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్ళలోపు వాళ్ళకు వాడకూడదని అట్ట మీద రాయమన్నారు. కానీ వయసే లేని చీటీ చూసి ఈ నియమాలు ఎలా పాటించాలో ఎవరూ చెప్పలేదు.

మా ప్రాంతానికి అన్నిటికంటే ముఖ్యం మలేరియా. కొండల్లో మలేరియా తగ్గించడానికి 2017లో మొదలైన దమన్ కార్యక్రమం వల్ల జరిగిన మేలు మేం కళ్ళారా చూశాం. ఆ గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. వైవాక్స్ అనే రకం మలేరియా తిరగబెట్టకుండా పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ బిళ్ళలు ఇస్తారు. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు, జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళకు అది ఇవ్వకూడదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈ లోపం పుట్టుకతో వచ్చేది, మగపిల్లల్లో ఎక్కువ బయటపడుతుంది. మలేరియా తరతరాలుగా పాతుకుపోయిన చోట్ల, గిరిజనుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. వాళ్ళకు ఈ మందు పడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, మూత్రం నల్లటి కాఫీ రంగులోకి తిరుగుతుంది, మనిషి తెల్లగా పాలిపోతాడు. ఆ పరీక్ష చేశారా, చేస్తే ఏమొచ్చింది అన్నది నా దాకా వచ్చే కాగితంలో కనపడదు. మందు ఆపేయమని నేననడం లేదు. వైవాక్స్‌కి ప్రైమాక్విన్ ఇవ్వకపోతే జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంది, అదీ ప్రాణం తీసేదే. "పరీక్ష చేశారు, లోపం లేదు" అని ఒక్క ముక్క రాస్తే చాలు. లేదూ చెయ్యడం కుదరలేదంటే, "మూత్రం రంగు మారితే వెంటనే మందు ఆపి ఆసుపత్రికి రా" అని రోగికి అర్థమయ్యే భాషలో రాసిచ్చినా చాలు.

సికిల్ సెల్ సంగతీ అంతే. 2023 జూలై 1న కేంద్రం మిషన్ మొదలుపెట్టి, పరీక్షలు చేసి కార్డులు ఇస్తోంది. కార్డు ఇంట్లో పెట్టెలో ఉంటుంది, ఒళ్ళు నొప్పులకు బిళ్ళ మాత్రం నా షాపులో కొంటారు.

ఆ నొప్పి బిళ్ళ దగ్గర కాస్త ఆగాలి. మా ఊరివాళ్ళకు ఉద్దానం చుట్టాలిల్లు. కవిటి, కంచిలి, సోంపేట, పలాస నుంచి ఇక్కడికి పెళ్ళి సంబంధాలున్నాయి. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటన్నది శాస్త్రవేత్తలు తేలుస్తారు. ఈలోగా మేం చెయ్యగలిగింది ఒకటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాడికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి చేతికి అందకుండా చూడటం. బీపీకి ఎనలాప్రిల్ రకం బిళ్ళ, నీరు దిగడానికి ఇంకో బిళ్ళ వాడుతున్న మనిషి దానిమీద నొప్పి బిళ్ళ కూడా వేసుకుంటే, మూడూ కలిసి ఆ కిడ్నీని కుంగదీస్తాయి. మొదటి రెండూ పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో రాసుంటారు, మూడోది ఇక్కడ కొంటారు. ఆంధ్రా చీటీలో ఏముందో మాకు తెలీదు, మా చీటీలో ఏముందో వాళ్ళకు తెలీదు. సరిహద్దు రోగిని ఆపదు, అతని వివరాలను మాత్రం ఆపుతుంది.

చీటీ కూడా కాదు, ఖాళీ అట్ట తెచ్చేవాళ్ళే ఎక్కువ. పేరు చెప్పను గానీ, ఐదో నెల గర్భిణి ఒకావిడ బీపీ బిళ్ళల ఖాళీ అట్ట తెచ్చి అవే కావాలంది. అది ఎనలాప్రిల్. పెళ్ళికి ముందు ఎప్పుడో ఒక ఆసుపత్రిలో రాసిచ్చారు, అప్పటికి తప్పేం లేదు. తర్వాత ఆమె ఇంకో ఆసుపత్రిలో గర్భిణిగా పేరు నమోదు చేయించుకుంది, ఏ మందులు వాడుతున్నావని అక్కడ ఎవరూ అడగలేదట. చీర చాటున కడుపు కనపడబట్టి నేను అడిగాను. రెండో నెలలో వచ్చి ఉంటే నాకెలా తెలిసేది?

అట్ట గురించి ఇంకో మాట. మూడు రోజులకు ఆరు బిళ్ళలు కావాలంటే పది బిళ్ళల అట్టను కత్తెరతో కోసి ఇస్తాం. పేరు, గడువు తేదీ, ఎర్ర గీత ఒక్కోసారి మా దగ్గర మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. రోగి ఇంటికి పట్టుకెళ్ళేది ఉత్త వెండి రేకు. దాని మీద ఎన్ని హెచ్చరికలు అచ్చేసినా ఏం లాభం?

చిన్న ఊళ్ళల్లో ఈపాటి కట్టడి కూడా లేదు. వెయ్యి మంది లోపు జనాభా ఉన్న గ్రామాల్లో కొన్ని ఇంటి మందులు లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చని షెడ్యూల్ కె చెబుతుంది. అందులో పారాసిటమాల్‌తో పాటు ఆస్పిరిన్ బిళ్ళలూ ఉన్నాయి. వైరస్ జ్వరంతో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే అరుదుగానైనా మెదడు, కాలేయం దెబ్బతినే రేస్ సిండ్రోమ్ రావచ్చు. మన కొండ పల్లెల్లో ఎక్కువ భాగం చిన్నవే. కిరాణా కొట్టువాడికి ఈ సంగతి చెప్పాల్సింది ఎవరు?

ముసలివాళ్ళది ఎవరూ పట్టించుకోని లెక్క. షుగరుకు గ్లిబెన్‌క్లమైడ్ అరవై దాటినవాళ్ళకు తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలోనే రాసింది. తిండి సరిగా తినని పెద్దాయనకు రాత్రిపూట షుగరు పడిపోతే, నిద్రపోతున్నాడనే అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన తాతకు జలుబు బిళ్ళతో మూత్రం బిగుసుకుపోవడం కూడా తరచూ చూసేదే.

అక్షరాలతో కొత్త వర్గీకరణ తెస్తే సరిపోతుందని ఎవరైనా మీకు సలహా ఇవ్వొచ్చు. అమెరికా 1979లో గర్భిణుల కోసం మందులను ఏ, బి, సి, డి, ఎక్స్ అని విడగొట్టింది. ఆ అక్షరాలు చూసి జనం, డాక్టర్లూ పొరబడుతున్నారని 2015 నుంచి వాటిని తీసేసి, ప్రమాదాన్ని వాక్యాల్లో వివరించమంది. ఆ ఎక్స్‌కీ మన షెడ్యూల్ ఎక్స్‌కీ ఏ సంబంధమూ లేదు, ఇప్పటికీ కొత్తగా వచ్చే కుర్రాళ్ళు రెండింటినీ కలిపేస్తుంటారు. అక్షరం కంటే మనిషి వివరం మేలు.

డాక్టర్లకు టైమెక్కడిదంటారు, నిజమే. జిల్లా ఆసుపత్రి ఓపీలో ఒక్కో రోగికి దొరికేది రెండు మూడు నిమిషాలు. అందుకే ఈ గడి డాక్టరు నింపక్కర్లేదు. చీటీ రాసే కౌంటర్లో వయసు అడిగి రాయొచ్చు, పక్కనే త్రాసు పెట్టి తూయొచ్చు. మిగతా ప్రశ్నలు నర్సమ్మో ఆశా కార్యకర్తో అడగొచ్చు. డాక్టరు కళ్ళకు అది కనపడితే చాలు, ఆయన చెయ్యి దానంతటదే ఆగుతుంది. మా వృత్తివాళ్ళనూ వెనకేసుకు రాను. గోడకు సర్టిఫికెట్ వేలాడుతూ, ఫార్మసిస్టు జాడలేని షాపులు ఎన్నో ఉన్నాయి. మందు ఇచ్చేముందు రోగితో మాట్లాడాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్లు మాకు చెప్పాయి. మీ డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్లు బిల్లు పుస్తకాలతో పాటు ఆ మాట్లాడటం జరుగుతోందా అని కూడా చూడాలి.

రూల్ 65 మార్చడం ఢిల్లీ పని అని నాకు తెలుసు. ఓపీ చీటీ మాత్రం మీది. నిరామయ పథకం కింద ఉచితంగా మందులిచ్చే కౌంటర్లూ మీవే. అక్కడ మొదలైతే ప్రైవేటు షాపుల్లో మేమూ అదే చీటీ అడుగుతాం. అచ్చు వేసేటప్పుడు ఒడియాతో పాటు తెలుగులో, సవరలో కూడా వేయించండి. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల కోసం వాళ్ళ భాషలో పుస్తకాలు తయారు చేశారు. ఆ ఊళ్ళోనే సవర తల్లికి మందు ఎలా వెయ్యాలో నేను సైగలతో చెప్పాల్సి రావడం బాగోలేదు.

ముందుగా గజపతి, రాయగడ జిల్లాల్లో ప్రయత్నించి చూడండి. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల ఆరోగ్యాధికారులతో మాట్లాడి, అదే గడి వాళ్ళ చీటీ మీదా ఉండేలా చేస్తే ఇంకా మంచిది. వానలు పడితే జ్వరాలు మొదలవుతాయి, అచ్చు పని ఆలోపు అయిపోవాలి. నమూనా చీటీ ఒకటి నేను గీసి, ఒడియా ఉత్తరంతో జతచేశాను. గడి అర పేజీ కూడా పట్టదు.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక ఫార్మసిస్టు