నాటే ముందు అది ఏ మొక్కో తెలుసుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా వీధిలో పన్నెండేళ్ల తురాయి చెట్టును పోయిన నెల మొదలంటా నరికేశారు. వేర్లు ఫుట్‌పాత్ రాళ్లను లేపేశాయని, కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయని చెప్పారు. అదంతా నిజమే. అయితే ఆ చెట్టు అలా పెరుగుతుందని నాటిన రోజే తెలుసుకోవాల్సింది.

నాటేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఏం మొక్కలని అడిగితే "పూల చెట్లండీ, మంచి నీడ" అన్నారు. అంతకు మించి తెచ్చినవాళ్లకూ తెలీదు. చిన్నప్పుడు వీటిని పోల్చడం కష్టమే. గుల్‌మొహర్ అని కూడా మనం పిలిచే తురాయి, పసుపుపూల కొండచింత, ఊదాపూల జకరండా, పొదగానే ఉండిపోయే రత్నగంధి, నాలుగింటికీ ఈకల్లాంటి ఆకులే. పూత వచ్చేదాకా ఆగితే ఏళ్లు పడుతుంది.

కానీ దగ్గరికెళ్లి చూస్తే మొక్కే చెబుతుంది. జకరండా ఆకులు కొమ్మకు అటూ ఇటూ ఎదురెదురుగా వస్తాయి. మిగతా మూడింటిలో ఒకటి ఇటు, దానికి కాస్త పైన ఇంకొకటి అటు. కొండచింత చిగుళ్ల మీద తుప్పు రంగు నూగు ఉంటుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. రత్నగంధి కొమ్మలకు సాధారణంగా ముళ్లుంటాయి. తురాయిలో ఆకు కాడ కొమ్మను అంటుకునే చోట చూడండి, పెద్దాకుకు పిల్లలాగా ఒక బుల్లి ఈకాకు కనిపిస్తుంది. పూస్తే ఇక అనుమానమే ఉండదు. నాలుగు ఎర్ర రేకులు, వాటి మధ్య నిటారుగా నిలబడే అయిదో రేకు మీద తెలుపు, పసుపు మచ్చలు. ఆ తర్వాత కత్తుల్లా వేలాడే కాయలు, ఒక్కోటి 60 సెంటీమీటర్ల దాకా.

తురాయి పుట్టిల్లు మడగాస్కర్ పొడి అడవులు. వేరు నిలదొక్కుకుంటే ఎండను బాగా తట్టుకుంటుంది, మంచు పడితే, నీళ్లు నిలిస్తే మాత్రం ఓర్చుకోలేదు. ఎత్తు పది పన్నెండు మీటర్లే అయినా గొడుగులా అంతకంటే వెడల్పుగా పరుచుకుంటుంది. వేర్లు నేల పైపైనే పాకుతాయి. కొమ్మలు పెళుసు, గాలివానకు విరుగుతాయి. అందుకే గోడలకు, పైపులకు, తీగలకు దూరంగా, మైదానాల్లో, పార్కుల్లో ఉండాల్సిన చెట్టు ఇది. అక్కడైతే దీనంత అందమైన నీడ ఇంకోటి లేదని నా నమ్మకం.

పెంచడం కష్టమేం కాదు. నేను గింజ నుంచే పెంచాను. పెంకు రాయిలా ఉంటుంది. ఒక పక్క శాండ్‌పేపర్ మీద కాసేపు రుద్ది రాత్రంతా నానబెడితే పొద్దున్నకు గింజ ఉబ్బి మెత్తబడుతుంది. ఉబ్బనిదాన్ని మళ్లీ రుద్దాలి. కవర్లో ఎక్కువ రోజులుంచితే వేరు గుండ్రంగా చుట్టుకుంటుంది, నాటేటప్పుడు ఆ చుట్టు విడదీయాలి, విడిపోకపోతే కత్తిరించాలి. ఇది చేయక ఎన్ని చెట్లు గాలికి వేళ్లతో సహా కూలుతున్నాయో! మొదటి రెండు మూడేళ్లు రోజూ చెంబెడు పోసే కంటే, వారానికోసారి నేల లోతుగా తడిసేలా పోస్తే మేలు.

మొక్కలు పంచే అధికారులకూ, నాటే సంఘాలకూ నా విన్నపం ఒకటే. ప్రతి మొక్కకూ ఒక చీటీ కట్టండి. పేరు, పెరిగే ఎత్తు, పరుచుకునే వెడల్పు, గోడకూ తీగకూ ఎంత దూరంలో నాటాలో దాని మీద రాయండి. చీటీ లేని మొక్కను రోడ్డు పక్కన నాటనివ్వొద్దు.

నరికిన చోట గుంత ఇంకా ఖాళీగానే ఉంది, పైన తీగలు అలాగే ఉన్నాయి. అక్కడ మళ్లీ తురాయి కాకుండా, ఆ ఎత్తుకు సరిపోయే రత్నగంధి లాంటిదేదైనా నాటమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు