అరచేతులు చూపించమన్న డెంటల్ డాక్టర్ గారికి, ఇంకా మా వెంట నిలబడిన అందరికీ

పదమూడేళ్ల మా బాబుకి దవడలో తిత్తి రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లు వేరేచోట చూపించాం. తీసేశారు, కుట్లు వేశారు, పంపేశారు, మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందో ఎవరూ ఆలోచించలేదు. డాక్టర్ గారూ, మీరు మాత్రం ఎక్స్‌రే చూసి కాసేపు మౌనంగా ఉండి "ఏదీ నాన్నా, చేతులు చూపించు" అన్నారు. దవడకీ చేతులకీ ఏం సంబంధమా అనుకున్నాను. గిన్నెలో నీళ్లు తెప్పించి పది నిమిషాలు చేతులు నానబెట్టించి, అరచేతిని లైటు కిందకి తిప్పారు. సూదిమొనతో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు, అడుగున కాస్త ఎర్రగా. నేను పట్టుకుని నడక నేర్పిన చేతులే అవి, ఒక్కనాడూ నా కంటపడలేదు. తర్వాత మా ఆయన చేతులు చూశారు. అక్కడా అవే గుంటలు.

గోర్లిన్ సిండ్రోమ్ అనే మాట ఆ రోజే మొదటిసారి విన్నాను, అది జన్యువుల్లో మార్పు వల్ల వచ్చే జబ్బట. 1960లో గోర్లిన్, గోల్ట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ లక్షణాలన్నీ ఒకే జబ్బువని రాశారట. బాబు తల పుట్టినప్పటి నుంచీ పెద్దదే, నుదురు ముందుకు ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రేలో ఒక పక్కటెముక చివర రెండుగా చీలి ఉంది. ఇవన్నీ మాకు విడివిడిగా తెలిసినవే, కలిపి చూసింది మీరొక్కరే.

చర్మం డాక్టర్ గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మా ఆయన ముక్కు పక్కన ఏళ్ల తరబడి పుట్టుమచ్చ అనుకున్నది బేసల్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ అని తేలింది, వీపు మీద ఇంకో రెండు. ఒక ఆసుపత్రిలో రేడియేషన్ పెట్టిద్దామన్నారు, మేమూ సరేనన్నాం. మీరు వెంటనే ఆపారు. ఈ జబ్బు ఉన్నవాళ్లకి రేడియేషన్ ఇస్తే, అది తగిలిన చోటే తర్వాత కొత్త క్యాన్సర్లు గుంపుగా పుట్టుకొచ్చే ప్రమాదం ఉందని ఓపిగ్గా వివరించారు. మోస్ సర్జరీలో పొర పొరగా తీస్తూ, తీసిన ప్రతి పొరనీ మైక్రోస్కోప్ కింద చూసి, ఇక లేదు అన్నాకే కుట్లు వేశారు. ఆ రోజు మీరు అడ్డుపడకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

జెనెటిక్ కౌన్సెలర్ గారూ, నాలుగేళ్ల మా పాప గురించి నేను అడిగిందే అడిగినా మీరు విసుక్కోలేదు. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం ఉంటుందని, చిన్నపిల్లల్లో కొందరికి మెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ కూడా రావచ్చని దాచకుండా చెప్పారు. మా ఆయనకీ బాబుకీ ఈ జబ్బుకి కారణమైన పీటీసీహెచ్1 అనే జన్యువులో ఏ మార్పు దొరికిందో, అదే మార్పు పాపలో ఉందా అని చూశారు. లేదు. ఫోన్లో ఆ మాట చెప్పాక నేను ఏడుస్తుంటే, మీరు లైన్లోనే ఉండిపోయారు.

ఇదే జబ్బుతో ఇరవై ఏళ్లుగా ఉంటున్న అక్కా, ప్రతి మచ్చకీ ఫోటో తీసి పక్కన తేదీ రాసుకోమన్నారు చూడండి, ఆ నోట్‌బుక్ ఇప్పుడు బాబే రాస్తున్నాడు. బయటికి వెళ్లేముందు టోపీ, సన్‌స్క్రీన్ కూడా వాడే గుర్తుపెట్టుకుంటున్నాడు. ఆపరేషన్ అయింది, దవడ వాపు తగ్గింది, నిన్న నోరు పూర్తిగా తెరిచి నవ్వాడు. మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.