సుంకి ఘాట్‌లో మా కారును లాగనివ్వని తమ్ముడికి

గత శనివారం సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుండగా మా కారు ఆగిపోయింది. ఆ రోజు మమ్మల్ని ఆదుకున్నవారికి అక్కడ నోరారా ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను. ఒకవైపు వాన, మరోవైపు పొద్దుగూకుతోందన్న భయం. వెనక సీట్లో కంటికి ఆపరేషన్ జరిగి ఒక్క రోజే అయిన అత్తయ్య. కారు బాగై ఇంటికొచ్చింది కాబట్టి, ఇప్పుడు స్థిమితంగా కూర్చుని రాస్తున్నాను.

మాది ఒడిశాలోని జయపురం. అత్తయ్యకు విజయనగరంలో శుక్లాల ఆపరేషన్ చేయించి తిరిగి వస్తున్నాం. కారు నేనే నడుపుతున్నాను. అత్తయ్య పక్కన పదేళ్ల మా అబ్బాయి. సగం ఘాట్ ఎక్కామో లేదో, వేడి చూపించే ముల్లు అమాంతం పైకి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఎడమ అంచుకు తీసి ఇంజను ఆపేశాను. బ్రేకు రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడింది. ఇంజను ఆగితే బ్రేకుకు దన్ను ఉండదని వినడమే తప్ప, ఆ గట్టిదనం కాలికి తెలియడం అదే మొదటిసారి. హ్యాండ్‌బ్రేక్ వేశాను. అబ్బాయి దిగి, చెప్పకముందే వెనక చక్రం కింద పెద్ద రాయి పెట్టాడు.

ముందుగా ఆగింది సాలూరు లారీ. లారీలకు పేరుపడ్డ ఊరు అది. అక్కడి డ్రైవర్లకు ఈ ఘాట్ ఇంటి అరుగులాంటిది. ఆయన దిగీ దిగగానే పొదల్లోంచి కొమ్మలు విరిచి, మా వెనక మలుపు దాకా రోడ్డుపై పరిచాడు, కిందినుంచి వచ్చే బండ్లకు ముందే తెలియాలని. తర్వాత క్యాబిన్‌లోంచి మోకు తీశాడు. తడిసి, చేతి మణికట్టంత లావున్న మోకు. "సుంకిలో మెకానిక్ షెడ్డు ఉందమ్మా, అక్కడిదాకా లాక్కెళ్లి దింపుతాను. న్యూట్రల్‌లో పెట్టి స్టీరింగ్ పట్టుకోండి చాలు" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన కారు కిందికి వంగి ముడి వేయడం మొదలుపెట్టాడు కూడా.

అప్పుడు వచ్చాడు ఆ తమ్ముడు. మమ్మల్ని దాటి పోయిన బైకు కుర్రాడెవరో షెడ్డు దగ్గర ఆగి మా సంగతి చెప్పాడట. నీళ్ల డబ్బా, గొట్టం ముక్క, పానాల సంచి బైకుకు కట్టుకుని వానలో దిగి వచ్చాడు. బానెట్ కింద చూసి, గొట్టం చీలితే కోసి బిగించేవాణ్ణని, రేడియేటర్ ప్లాస్టిక్ మెడే విరిగింది కాబట్టి ఇక్కడ కుదరదని చెప్పాడు. తర్వాత మోకును చూశాడు. కారు లోపలికి తొంగి గేరు లివర్ చూశాడు.

"అక్కా, ఇది ఆటోమేటిక్. దీన్ని లాగకూడదు" అన్నాడు.

న్యూట్రల్‌లో పెడతాను కదా అన్నాను. అప్పుడు అతను చెప్పినది ఉన్నదున్నట్టు రాయాలి. గేరుబాక్సులో నూనె ఉన్నా, దాన్ని తోడి పైకి పంపే పంపు ఇంజనుతో తిరుగుతుంది, చక్రాలతో కాదు. ఇంజను ఆగిందంటే పంపు ఆగినట్టే. కారును లాగితే ముందు చక్రాలు తిరుగుతాయి, వాటితో పాటు గేరుబాక్సు లోపలి భాగాలూ తిరుగుతాయి. న్యూట్రల్‌లో పెట్టినా ఇంజనుతో లంకె తెగుతుందే గానీ చక్రాలతో తెగదు. "కందెన లేకుండా బండి ఇరుసు తిప్పితే ఏమవుతుందో తాతలను అడగండి అక్కా" అన్నాడు. మాది సీవీటీ రకం. అందులో పళ్ల గేర్లకు బదులు రెండు కప్పీల మధ్య ఇనుప బెల్టు నడుస్తుంది. ఆ బెల్టు జారకుండా కప్పీలను బిగించి ఉంచేది కూడా నూనె ఒత్తిడే. అది లేకుండా లాగితే బెల్టు కప్పీల నున్నటి ముఖాన్ని గీరేస్తుంది. ఒకసారి గీత పడితే దాన్ని సాన పట్టడం ఎవరి వల్లా కాదట.

చేత్తో గేర్లు మార్చే బండి అయితే తానే మోకు కట్టేవాణ్ణన్నాడు. అందులో తిరిగే పళ్లే అడుగున ఉన్న నూనెను పైకి చిమ్ముకుంటాయి కాబట్టి కొద్ది దూరానికి ఇబ్బంది ఉండదు. "అయినా ఈ ఘాట్‌లో కట్టను. బ్రేకు పట్టదు, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాడు వదులైతే వెనక బండి లోయవైపు పోతుంది" అని మళ్లీ తనే అన్నాడు.

లారీ డ్రైవర్ నొచ్చుకోలేదు. ఈ మాట ఎప్పటికీ మరచిపోను. వంగి కట్టిన ముడి తానే విప్పి, మోకు చుట్ట చుట్టి క్యాబిన్‌లో పెట్టి, "మంచిదే చెప్పాడమ్మా" అన్నాడు. కట్టింది చక్రం పక్కన ఉండే ఆర్మ్‌కు. లాగి ఉంటే అది కూడా వంగేదేమో. అప్పటికైనా ఆయన వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. అత్తయ్య కంట్లో రెండు గంటలకోసారి మందు చుక్కలు వేయాలి, జల్లు పడకూడదు. ఆమెను చెయ్యి పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కించి, తడి తగలకుండా కిటికీకి టార్పాలిన్ అడ్డుకట్టి, గంటన్నర అక్కడే ఉన్నాడు.

ఈలోగా నేను ఫోనుచేసిన సహాయ సంస్థవారు కొక్కెం ఉన్న క్రేన్ బండి పంపారు. అది కిందినుంచి వచ్చింది కాబట్టి మా కారు వెనక భాగం దానికి అందుబాటులో ఉంది. వెనక చక్రాలు ఎత్తి తీసుకుపోతామన్నారు. మా కారుకు ఇంజను బలం అందేది ముందు చక్రాలకు. అంటే ఏ చక్రాలు నేల మీద తిరగకూడదో సరిగ్గా అవే దొర్లుతాయి. ముందు చక్రాల కింద పెట్టే చిన్న ట్రాలీ ఉందా అని తమ్ముడు అడిగాడు. లేదన్నారు. నెమ్మదిగా వెళ్తే ఏమీ కాదని వారు, అయితే ఆ మాట కాగితం మీద రాసివ్వండని అతను. వారు వెళ్లిపోయారు. ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది, దాచను. చీకటి పడుతోంది, వచ్చిన బండిని పంపేశాడు.

అతను సెమిలిగుడలో తెలిసినవారికి ఫోను చేశాడు. నాతో తెలుగు, ఫోనులో ఒడియా, షెడ్డు కుర్రాడితో కువి. 1936లో ఒడిశా ఏర్పడక ముందు ఈ కోరాపుట్ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఇక్కడ పుట్టిన వారి నోట భాషలు ఇలాగే కలిసి ఉంటాయి. మూడు గంటల తర్వాత చదునైన బల్ల ఉన్న రికవరీ లారీ వచ్చింది.

ఎక్కించడం చూసి తీరాలి. డిక్కీలో మ్యాట్ ఎత్తి, జాకీ పక్కన ఉన్న కొక్కెం బయటికి తీశాడు. ఐదేళ్లుగా అది మా కారులోనే ఉంది. ముందు బంపర్‌పై అరచేతిలో సగమంత ఉన్న మూతను మెల్లగా పెకలించి, లోపలి మరలో కొక్కెం తిప్పి పానాతో బిగించాడు. మూత అబ్బాయి జేబులో భద్రంగా పెట్టించాడు. తాళం ఆన్‌లో ఉంచి న్యూట్రల్‌లో పెట్టమన్నాడు. గేరు లివర్‌ను పి (పార్కింగ్) లోనే ఉంచి లాగితే, లోపల పంటిచక్రానికి అడ్డం పడే చిన్న ఇనుప నాలుక విరుగుతుందట. బంపర్ రాసుకోకుండా చెక్క పలకలు పేర్చి, ఇనుప తాడుతో అంగుళం అంగుళంగా పైకి లాగారు. బల్ల మీదికెక్కే ఆ నాలుగడుగులకు ఫరవాలేదట. పైకెక్కాక పి, హ్యాండ్‌బ్రేక్, చక్రాలకు అడ్డు దుంగలు. పట్టీలు టైర్ల మీదుగా వేసి బిగించారు. నాలుగు చక్రాలూ నేలకు పైనే, కోరాపుట్ వర్క్‌షాపు దాకా.

రేడియేటర్ మార్చారు. గేరుబాక్సుకు ఏమీ కాలేదు. అది పోయి ఉంటే లక్ష పైనే అయ్యేదని వర్క్‌షాపులో చెప్పారు.

తమ్ముడు పెట్రోలు డబ్బు తప్ప ఏమీ తీసుకోలేదు. పేరు రాయవద్దని, రాస్తే దారిన పోయేవారికి పనికొచ్చే మాట రాయమని అన్నాడు. ఆ మాట ఇది: బండి ఆగి ఎవరికి ఫోను చేసినా, జాతీయ రహదారుల 1033కైనా సరే, ముందుగా ఆటోమేటిక్ అని చెప్పండి. ముందు చక్రాలతో నడిచేదా, వెనక చక్రాలతోనా, నాలుగింటితోనా చెప్పండి. నాలుగు చక్రాలకూ బలం అందే బండి అయినా, కరెంటు కారు అయినా చదును బల్ల లారీయే అడగండి. కారుతో ఇచ్చిన పుస్తకంలో లాగడం గురించి ఒక పేజీ ఉంటుంది. బండి ఆగకముందే చదవండి. నేను ఆ రాత్రే చదివాను. అతను చెప్పినదే అందులో ఉంది.

తమ్ముడూ, ఆ సాయంత్రం నా ముఖంలో కనిపించిన విసుగుకు క్షమించు. అత్తయ్యకు రెండో కంటి ఆపరేషన్ వచ్చే నెలలో. వెళ్లేటప్పుడు నీ షెడ్డు దగ్గర ఆగుతాం. నీకోసం అరిసెలు చేయాలని ఆమె ఇప్పటినుంచే బెల్లం తెప్పించింది.

లారీ అన్నగారి ఊరు తప్ప మరేమీ తెలియదు. నీలం క్యాబిన్, ముందు అద్దానికి ఎండిన బంతిపూల దండ. సాలూరులో ఎవరైనా గుర్తుపడితే, కంట్లో చుక్కలు వేయించుకున్న పెద్దావిడ చూపు బాగా వచ్చిందని ఆయనకు చెప్పండి.