ఎలక్ట్రాన్‌ను ఎవరూ ముక్కలు చేయలేదు

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం మీ పత్రికలో క్వాంటం చిప్‌ల మీద వచ్చిన వ్యాసంలో 'ఎలక్ట్రాన్‌ను మూడు ముక్కలు చేశారు' అని రాశారు. మా పై వాటాలో అద్దెకుంటున్న ఇంజనీరింగ్ అమ్మాయి పొద్దున్నే ఆ పేపరు పట్టుకొచ్చి 'మాస్టారూ, ఎలక్ట్రాన్ విరగదని మీరే చెప్పారుగా?' అని నిలదీసింది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక ఈ ఉత్తరం.

1982లో త్సుయ్, స్టోర్మర్, గొస్సార్డ్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టింది వేరే సంగతి. గాలియం ఆర్సెనైడ్ మీద అల్యూమినియం కలిపిన పొర వేస్తే, ఆ అతుకు దగ్గర చిక్కిన ఎలక్ట్రాన్లు పైకీ కిందికీ పోలేవు, పక్కలకే తిరగాలి. దాన్ని మైనస్ 272 డిగ్రీలకు కిందకు దించి (రోహిణీ కార్తెలో గుంటూరులో కూర్చుని ఈ అంకె రాస్తుంటేనే హాయిగా ఉంది) బలమైన అయస్కాంతంలో పెడితే, ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒకే ద్రవంలా నడుచుకుంటాయి. ఆ ద్రవంలో అక్కడక్కడా ఎలక్ట్రాన్ విద్యుదావేశంలో మూడో వంతే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ అమ్మాయికి పరీక్ష హాలు లెక్క చెప్పాను. విద్యార్థి అంటే ఎలక్ట్రాన్, కుర్చీ అంటే అయస్కాంతం వల్ల దానికి దొరికే చోటు. మూడు కుర్చీలకు ఒక విద్యార్థి చొప్పున కూర్చోబెట్టాం: ఒకడు, రెండు ఖాళీలు, మళ్లీ ఒకడు. ప్యూను వచ్చి వరసల మధ్య దూరదూరంగా మూడు ఖాళీ కుర్చీలు ఇరికించాడు. మూడు కుర్చీలంటే ఒక విద్యార్థి చోటు, కాబట్టి హాల్లో ఒకడు తక్కువ. ఆ లోటు ఎక్కడుంది? మూడు చోట్లా, తలా మూడో వంతు. పిల్లాణ్ణి ఎవరూ కోయలేదు. అయస్కాంత బలం కాస్త పెంచినా అంతే, కుర్చీలు పెరుగుతాయి, ఎలక్ట్రాన్లు పెరగవు. అసలు సంగతి ఇంత వరసగా ఉండదు, 1983లో లాఫ్లిన్ అనే శాస్త్రవేత్త రాసిన లెక్క గట్టిది. అయినా మూడో వంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో హాలు లెక్కలో తెలుస్తుంది.

రేకుల షెడ్డు మీద చప్పుడు విని చినుకు ఎంత లావో చెప్పినట్టు, 1997లో ఇజ్రాయెల్‌లో, ఫ్రాన్స్‌లో కరెంటు రొదను, అంటే కరెంటులోని చిన్న చిన్న ఒడుదుడుకులను, కొలిచి ఆ మూడో వంతు విద్యుదావేశాన్ని పట్టుకున్నారు.

నాకు ఇంకా బాధ కలిగించింది మీ వ్యాసంలో భౌతిక శాస్త్రవేత్త జైనేంద్ర జైన్ పేరు లేకపోవడం. రాజస్థాన్‌లో పుట్టినాయన. ఒక్కో ఎలక్ట్రాన్ రెండేసి అయస్కాంత సుడులను వెంటేసుకుని తిరుగుతుందనుకుంటే 2/5, 3/7 (అయిదు కుర్చీలకు ఇద్దరు, ఏడింటికి ముగ్గురు) లాంటి భిన్నాల గుట్టు విడిపోతుందని 1989లో చూపించారు. ఇజ్రాయెల్‌లో ఇచ్చే వుల్ఫ్ బహుమతిని 2025లో ఫిజిక్స్‌కు పంచుకున్న ముగ్గురిలో ఆయనొకరు.

వ్యాసం పక్కన అమరావతి క్వాంటం వ్యాలీ బొమ్మ వేశారు. అక్కడికి ఒప్పుకున్న ఐబీఎం యంత్రం సూపర్‌కండక్టర్ సర్క్యూట్లతో నడిచేది. దానికీ ఈ మూడో వంతుకూ చుట్టరికం లేదు.

సవరణ మొదటి పేజీలో వేయక్కర్లేదు. ఆ అమ్మాయి పేపరు వెనకనుంచి చదువుతుంది, ఆటల పేజీలో ఏ మూలైనా చాలు.

ఇట్లు,
విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు